సహజ హంతక కణాలు ఏ వర్గానివి?

నెల్లూరులో బైపీసీ విద్యార్థులకు పాఠం చెప్పే మాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: టి, బి కణాల్లాగే లింఫోసైట్లు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) అయిన సహజ హంతక కణాలను పాఠ్యపుస్తకం స్వాభావిక (పుట్టుకతో వచ్చే) రోగనిరోధకత కింద, న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌ల సరసన ఎందుకు చేర్చింది? ప్రశ్న న్యాయమైనదే. సూక్ష్మజీవులను మింగేసే ఆ కణాలతో దీనికి పనితీరులో పోలికే లేదు.

1975లో స్టాక్‌హోంలోని కరోలిన్స్కా సంస్థలో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్జెల్, అమెరికాలో రొనాల్డ్ హెర్బర్‌మన్ బృందం వేర్వేరుగా ఒకే సంగతిని ప్రకటించారు. కణితి కణాలతో ముందు పరిచయమే లేని ఎలుకల లింఫోసైట్లు సైతం వాటిని గంటల వ్యవధిలో చంపుతున్నాయి. అంతకుముందు ఇలాంటి ఫలితాలను ప్రయోగంలోని లోపంగా కొట్టిపారేసేవారు. టి కణం సిద్ధం కావడానికి రోజులు పడుతుంది. ఇవి తర్ఫీదు లేకుండానే పనిచేశాయి కనుక ‘సహజ’ అన్న పేరు వచ్చింది, ఆ పేరే వర్గాన్నీ నిర్ణయించింది.

మరి సొంత కణాలను ఎందుకు చంపవు? క్లాస్ కారె 1981లో ఊహించి, 1986లో సహచరులతో కలిసి ప్రయోగంలో చూపిన జవాబు నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా అందంగా తోస్తుంది. టి కణం పరాయి గుర్తు కోసం వెతుకుతుంది; ఇది మాత్రం కణం మీద ఎంహెచ్‌సీ క్లాస్-1 అనే సొంత గుర్తు ఉందో లేదో చూస్తుంది. కొత్తపట్నం తీరంలో రిజిస్ట్రేషన్ నంబరు లేని పడవను మెరైన్ పోలీసులు అనుమానించినట్టే. టి కణాల కంట పడకుండా ఆ గుర్తును దాచుకున్న వైరస్ సోకిన కణం, సరిగ్గా ఆ దాపరికం వల్లే వీటికి చిక్కుతుంది. ఆ తర్వాత ప్రయోగించే, కణాన్ని చంపే ప్రోటీన్లయిన పెర్ఫోరిన్, గ్రాంజైమ్‌లు మాత్రం హంతక టి కణాల ఆయుధాలే.

1989లో ఈ కణాలు లేని ఒక బాలికకు హెర్పిస్ జాతి వైరస్‌లు తీవ్రంగా సోకిన వైనం వెలువడటంతో వీటి అవసరం మనుషుల్లోనూ రుజువైంది.

టి, బి కణాలు నడిపే ఆర్జిత (పుట్టాక అలవడే) రోగనిరోధకతతో వీటి బంధం రెండు వైపులా నడుస్తుంది: ఇవి విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రోటీన్ సహాయక టి కణాల దారిని మలుస్తుంది, బి కణాల సంతతి తయారుచేసిన ప్రతిదేహం లక్ష్యానికి అతుక్కుంటే, దాని తోకను ఇవి సీడీ-16 గ్రాహకంతో పట్టుకుని దాడి చేస్తాయి. జ్ఞాపకం ఆర్జిత రోగనిరోధకతకే సొంతం అనుకునేవారు, కానీ 2006లో టి, బి కణాలు రెండూ లేని ఎలుకలు చర్మానికి రాసిన రసాయనాన్ని ఈ కణాల సాయంతోనే వారాల తర్వాత గుర్తుపట్టాయి. 2009లో సైటోమెగలో వైరస్ విషయంలోనూ ఇలాంటి జ్ఞాపకమే కనిపించింది. అయినా నీట్‌లో ‘స్వాభావిక’ అనే గుర్తించాలి, ఎందుకంటే టి, బి కణాల్లా జన్యుముక్కలను తిరగగూర్చి కొత్త గ్రాహకాలను తయారుచేసుకునే శక్తి వీటికి లేదు.