అనంతపురం ఎర్రనేల మీద పామోలిన్ మరక

జూన్‌లో సబ్సిడీ శెనక్కాయ (వేరుశనగ) విత్తనకాయల కోసం క్యూలు మొదలవగానే అనంతపురం గురించి పాత వాదనే మళ్లీ లేస్తుంది. వాన లేని చోట, జానెడు లోతు మట్టి కూడా లేని నేలలో శెనక్కాయనే పట్టుకుని వేలాడటం రైతుల మొండితనం అని ఒకరు, మరి ఏం వెయ్యమంటారు అని ఇంకొకరు. సీమ కరువులూ, పడమటి కనుమల వాననీడా, తక్కువ వానలో జైసల్మేర్ తర్వాత మనదే అనే మాటా బళ్లో చదువుకున్నవే, వాటిని వదిలేస్తున్నా. నా లెక్కలో ఈ గొడవకు అసలు మలుపు 1994.

ఆ ఏడాది కేంద్రం పామోలిన్‌ను, అంటే పామాయిల్ నుంచి తీసే చవక వంటనూనెను, ఎవరైనా దిగుమతి చేసుకోవచ్చంది. సుంకం అప్పటికి 65 శాతం. 1998 వచ్చేసరికి అది 15కి దిగింది. 1994కి సరిగ్గా ఎనిమిదేళ్ల ముందు, 1986లో, నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టి మన నూనె మనమే పండించుకోవాలని రైతుల్ని ఇటు నడిపించింది కూడా ఢిల్లీయే. పసుపు విప్లవం అని పేరు కూడా పెట్టుకున్నారు. కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక తగ్గడం అంతకు ముందే మొదలైంది, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఇంట్లో కొర్రన్నం వండే అవసరం ఇంకా తగ్గింది, కానీ చేలన్నీ ఒకే పంటకు మళ్లింది మాత్రం మిషన్ ఊపులోనే. 2000 తర్వాత కూడా కొన్నేళ్లు ఉమ్మడి జిల్లాలో 7, 8 లక్షల హెక్టార్లు శెనక్కాయే. అందరూ అటు వెళ్లాక బయటి నూనెకి గేట్లు ఎత్తేశారు, శెనక్కాయ ధర పడిపోయింది.

ఇక నేల సంగతి. జిల్లాలో ముప్పాతిక వంతు ఎర్రనేలలే. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగళ్లున్నాయి, అక్కడి రైతులు చలికాలంలో పప్పుశనగ వేసుకుని ఈ గొడవలోంచి చాలావరకు బయటపడ్డారు. ఎర్ర గరపనేలకి ఆ సౌకర్యం లేదు. ఇసక ఎక్కువ, లోతు తక్కువ, కాస్త కిందికి తవ్వితే గరుసే. సేంద్రియ పదార్థం అంతంతమాత్రం, జింకు లోపం, వాన పడితే పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప, వాన ఆగి ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. ఏడాది మొత్తం వాన 550 మిల్లీమీటర్లు, అదీ ఎప్పుడు పడుతుందో తెలీదు.

అలాంటి నేలకి శెనక్కాయ ఎందుకంటే, రైతుకు కారణాలున్నాయి. వదులు మట్టిలో ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) సులువుగా దిగుతాయి, పీకేటప్పుడు కాయ నేలలో ఉండిపోదు. రెండు మూడు వారాలు బెట్ట వచ్చినా చెట్టు వాడి, మళ్లీ ఒక్క తడి తగిలితే లేస్తుంది. కాయ రాకపోయినా మేతకి కట్టె మిగులుతుంది, ఎద్దులు బతుకుతాయి. ఈ లెక్క తెలియకుండా మొండితనం అనేవాళ్లతో నాకు పేచీ. ఏటా ఒకే పంట వేసి నేలను పిండేశారు, మధ్య సాళ్లలో కంది వేయమన్నా, ఊడలు దిగే వేళకి జిప్సం వేయమన్నా వినలేదు అని వ్యవసాయ శాస్త్రవేత్తలు అంటారు. అందులో నిజముంది. కాకపోతే ధర పడిపోయినవాడికి జిప్సం బస్తా కూడా ఖర్చే.

ఒకే పంట దెబ్బ ఎలా ఉంటుందో 2000 ఖరీఫ్‌లో తెలిసింది. కాండం కుళ్లు వైరస్ వచ్చి ఒక్క సీజన్‌లో 2.25 లక్షల హెక్టార్ల మీద పడింది, నష్టం 300 కోట్ల పైమాటే. గట్ల మీది వయ్యారిభామ కలుపు పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామర పురుగులు దాన్ని ఆకులకి అంటిస్తాయి. మందు లేదు. చేను చుట్టూ జొన్న, సజ్జ సాళ్లు వేసుకోమని సిఫారసు చేశారు. ఒకప్పుడు చేనంతా ఉన్న పంట, కాపలా కోసం గట్టు వారకి తిరిగొచ్చింది!

హంద్రీనీవా కాలువ నీళ్లు, డ్రిప్పు, చీనీ తోటలు, అరటి ఎగుమతులు అని వేరే కథ ఒకటుంది, నిజమే, కానీ అది బోరులో నీళ్లున్నవాడి కథ. క్యూలో నిలబడేవాడిది వానమీది చేను.

కొర్రకి తిరిగి వెళ్లండి అని ఈసారీ సలహాలిస్తున్నారు. ఎకరాకు కొర్ర విత్తనం రెండు కిలోలు, ఇంట్లో అటక మీద దాచుకున్నదే సరిపోయేది. శెనక్కాయకి గింజలే అరవై కిలోలు కావాలి, కాయల్లో అయితే ఇంకా ఎక్కువ, కిందటేడు పంట ఎండిపోతే అవి ఇంట్లో ఉండవు. అప్పు తేవాలి, లేదా ఆధార్ కార్డు పట్టుకుని తెల్లారకముందే వచ్చి లైన్లో నిలబడాలి.