పాతరలో సుబాబుల్ ఆకు

ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో సుబాబుల్ కొట్టేటప్పుడు చూడండి. కర్ర లారీ ఎక్కి పేపర్ మిల్లుకి పోతుంది, ఆకూ రెమ్మలూ చేలోనే ఎండిపోతాయి. అది చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఆ ఆకులో తేమ తీసేసి లెక్కేస్తే నూటికి 20 పాళ్లకు పైనే మాంసకృత్తులుంటాయి. అలాంటి ఆకుని వదిలేసి, వేసవిలో గేదెలకి డబ్బు పోసి నూనెగింజల చెక్క కొంటాం.

పచ్చిమేతని గాలి తగలకుండా నొక్కి పులియబెట్టి దాచుకోవడాన్ని పాతరగడ్డి అనండి, సైలేజీ అనండి, మొక్కజొన్నతో వేస్తే పిండిపదార్థం దండిగా ఉంటుంది కానీ మాంసకృత్తులు 8 శాతం దగ్గరే ఆగిపోతాయి. పొడి బరువులో ఏడు పాళ్ల మొక్కజొన్నకి మూడు పాళ్ల సుబాబుల్ ఆకు కలిపితే ఆ 8 కాస్తా 12 అవుతుంది.

మరి మొత్తం ఆకే పాతరేస్తే? నేను వేశాను. ప్లాస్టిక్ డ్రమ్ము నిండా వట్టి ఆకు తొక్కి మూతేసి, 45 రోజుల తర్వాత తీస్తే నల్లగా, జిగటగా, భరించలేని కంపు. గేదె మూతి దగ్గరికి తెచ్చి, బుస్సున ఊది, తల తిప్పేసుకుంది.

పాతరలో జరిగేది పాలు తోడుకోవడం లాంటిదే. గాలి లేకుండా నొక్కేస్తే లాక్టిక్ బాక్టీరియా మేతలోని చక్కెర తిని పులుపు పుట్టిస్తుంది, పులుపు పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత 4 దగ్గరికి దిగితే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఆగిపోతాయి. సుబాబుల్ లాంటి పప్పుజాతి ఆకులో ఆ చక్కెర తక్కువ, పైగా అందులోని మాంసకృత్తులూ ఖనిజాలూ పులుపుని పుట్టింది పుట్టినట్టే మింగేస్తాయి, ఈలోగా క్లాస్ట్రీడియా అనే బాక్టీరియా విజృంభించి ఆ మాంసకృత్తుల్నే అమ్మోనియాగా మార్చేస్తుంది. ఫిన్లాండ్ రైతులదీ ఇదే బాధ. అక్కడి రసాయన శాస్త్రవేత్త విర్తానెన్ 1920ల్లో పచ్చిమేత మీద పలచని ఆమ్లం చల్లి, మొదట్లోనే పీహెచ్‌ని 4 కిందికి దించేసే పద్ధతి కనిపెట్టారు. ముఖ్యంగా దానికే 1945లో ఆయనకి నోబెల్ వచ్చింది. పశువుల మేత నిల్వకి నోబెల్!

మనకి ఆమ్లం అక్కర్లేదు, మొక్కజొన్నలో ఉన్న చక్కెరే చాలు. గింజ పాలు గట్టిపడే దశలో కోసి, అంగుళం లోపు ముక్కలు చేసి, ఒక పూట వాడబెట్టిన సుబాబుల్ ఆకునీ లేత రెమ్మల్నీ కలుపుతూ గాలి మిగలకుండా తొక్కించాలి. తేమ తెలియాలంటే గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదలండి. ముద్ద మెల్లగా విచ్చుకోవాలి, అరచెయ్యి చెమ్మగా ఉండాలి కానీ వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. కారితే ఇంకాసేపు ఆరబెట్టాల్సిందే.

సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉన్న మాట నిజమే. మోతాదు మించితే వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది. పాతరలో అది చాలావరకు తగ్గుతుంది, అయినా మేత మొత్తంలో ఈ ఆకు మూడో వంతు దాటనివ్వకండి. హవాయి మేకలు ఇదే ఆకు మేస్తూ ఆరోగ్యంగా ఉండటం గమనించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్, వాటి కడుపులో ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవులున్నాయని తేల్చారు. 1980ల్లో వాటిని తమ దేశపు పశువులకి ఎక్కించారు కూడా. అలా దొరికిన బాక్టీరియాకే తర్వాత సినర్జిస్టెస్ జోనెసి అని ఆయన పేరు పెట్టారు.

సుబాబుల్ లేనివాళ్లు గట్ల మీది గ్లైరిసిడియా చెట్ల ఆకు వాడొచ్చు. పచ్చిది వాసనకే చాలా పశువులు ముట్టవు, అదే మొక్కజొన్నతో పాతరేస్తే ఆ ఘాటు తగ్గి తినడం మొదలుపెడతాయి. మొదటి రోజు రెండు కిలోలే పెట్టి చూడండి.