కాజీపేట పాయింట్లు, గోల్ఫ్ బంతి

దసరాకు మా మేనల్లుడు హన్మకొండ వచ్చాడు. కొత్తగా గోల్ఫ్ నేర్చుకుంటున్నాడట, డ్రైవర్ కూడా వెంట తెచ్చాడు. డ్రైవర్ అంటే కారు నడిపే మనిషి కాదు, మొదటి దెబ్బ దూరం కొట్టే పొడవాటి కర్ర. మా అక్క ఆయుధపూజలో స్కూటర్‌తో పాటు దానికీ బొట్టు పెట్టింది. పూజ అయ్యాక వాడు మెల్లగా అడిగాడు: "మామా, ఎంత సూటిగా కొట్టినా బంతి కుడికే పోతుంది. ఎందుకంటవ్?"

నాకు కాజీపేట రైల్వే జంక్షన్ గుర్తొచ్చింది.

వరంగల్ నుంచి వచ్చే బండ్లలో ఒకటి సికింద్రాబాద్ పోతుంది, ఒకటి బల్హార్షా పోతుంది. కాజీపేటలో దారి మారడానికి జరిగేది చిన్న పనే: పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు రెండు దారులుగా చీలే చోట, మొన తేలిన పట్టా నాలుగైదు అంగుళాలు కదులుతుంది. మన రైల్వే వాడే పాయింట్లలో '12లో 1' ఒక రకం. 12 మీటర్లకు 1 మీటరు వాలు, అంటే 5 డిగ్రీలు కూడా లేదు. కంటికి దాదాపు సూటిగానే ఉంటుంది. అదే వాలులో గోల్ఫ్ బంతిని 200 మీటర్లు పోనివ్వండి, దాదాపు 17 మీటర్లు పక్కకు పడుతుంది. ఒక్క డిగ్రీ తప్పినా మూడున్నర మీటర్లు.

మరి బంతికి పాయింట్లెక్కడ? కర్ర తల బంతిని అంటుకుని ఉండేది సెకనులో దాదాపు రెండు వేలో వంతు. తల వేగం సెకనుకు 40 మీటర్లనుకుంటే, ఆ లోపు అది కదిలేది 2 సెంటీమీటర్లు. పాయింట్లు అవే. అక్కడ రెండు దిక్కులుంటాయి: తల ముఖం (బంతికి తగిలే వైపు) చూసే దిక్కు, తల కదిలే దిక్కు. డ్రైవర్‌తో కొట్టినప్పుడు బంతి ఎటు బయల్దేరాలన్నది 80 శాతం దాకా ముఖానిదే. చాలాకాలం కోచ్‌లు దీన్ని తలకిందులుగా నేర్పారు, బంతి పోకను కొలిచే రాడార్లు వచ్చాక గానీ పాఠం మారలేదు. రెండు దిక్కులూ కలవకపోతే బంతి తిరిగే అక్షం పక్కకు వాలుతుంది, మాగ్నస్ బలం, అంటే తిరిగే బంతిని గాలి నెట్టే బలం, బంతిని అటే వంచుతుంది. ఎడిన్‌బరో ప్రొఫెసర్ పీటర్ గత్రీ టెయిట్ 1890లలోనే గోల్ఫ్ బంతి తిరుగుడు మీద లెక్కలు కట్టాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ రెండుసార్లు గెలిచాడు. లెక్కల వల్లే గెలిచాడని మాత్రం నేననను.

గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు, అంటే నిమ్మకాయంత. ఒక నిమ్మకాయ తెచ్చి హాల్లో టైల్స్ గీత మీద పెట్టి, కొట్టకుండా ఊరికే నిలబడమన్నాను. పాదాలు గీతకు చక్కగా సమాంతరంగా ఉన్నాయి. ఇల్లు తుడిచే కర్రను వాడి రెండు భుజాలకు ఆనించి చూస్తే మాత్రం అది బాగా ఎడమకు తిరిగి ఉంది. డ్రైవర్‌కు బంతిని ఎడమ మడమకు ఎదురుగా పెడతారు. కుడిచేతి వాటం వాళ్లకు కుడిచేయి కింద ఉంటుంది. అంత ముందున్న బంతిని అందుకోబోయి కుడి భుజం ముందుకొస్తుంది. భుజాలు ఎటుంటే కర్ర తల కూడా ఇంచుమించు అటే, ఎడమకు, కోసుకుంటూ పోతుంది. ముఖం దానికంటే కుడికి తెరుచుకుంటే బంతి కుడికి వంగుతుంది.

అసలు తమాషా ఏమిటంటే, బంతి కుడికి పోతోందని వాడు ప్రతిసారీ భుజాలు ఇంకాస్త ఎడమకు తిప్పి నిలబడుతున్నాడు! తల మరింత ఎడమకు పోతుంది, ముఖంతో తేడా పెరుగుతుంది, బంతి మరింత వంగుతుంది.

"మరెట్ల నిలబడాలె?"

బంతి పక్క నుంచి గురి చూడటమంటే ప్లాట్‌ఫాం మీద నుంచి పట్టాలు చూడటమే. బంతి వెనక్కి పోయి, ఇంజిన్ నడిపేవాడిలా చూడాలి. ఆ గీత మీద, బంతికి మీటరు ముందు ఒక ఆకునో గడ్డిపరకనో గుర్తుపెట్టుకోవాలి. అమెరికా గోల్ఫ్ ఛాంపియన్ జాక్ నిక్లాస్ ఇలాగే దగ్గరి గుర్తు చూసుకునేవాడు. ముందు కర్ర ముఖం ఆకుకు సూటిగా, తర్వాత పాదాలు, ఆఖరున భుజాలు. ఆకు దగ్గర 1 సెంటీమీటరు తప్పినా 200 మీటర్ల దగ్గర 2 మీటర్లే తేడా.

"పాదాలు గుంట కాడి జెండాకు ఎడమగా చూస్తున్నయ్ కద?" అన్నాడు. అలాగే ఉండాలి. బంతి గీత, పాదాల గీత రెండు పట్టాల్లాంటివి. పట్టాలు దూరాన కలిసినట్టు కనిపిస్తాయి గానీ, కాజీపేట నుంచి పెద్దపల్లి దాకా కొలిచినా మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లే.

వాడు మళ్లీ నిలబడ్డాడు. ఈసారి తుడిచే కర్ర గీతకు సమాంతరంగా వచ్చింది. మా అక్క వంటింట్లోంచి తొంగి చూసి, "నిలబడుడు అయిందా? ఆ నిమ్మకాయ ఇటియ్యి, పులిహోరకు కావాలె" అంది.