లిఫ్టు తలుపు ఎందుకు ఈల వేస్తుంది?

చలి బాగా ఉన్న రాత్రి ముప్పై అంతస్తుల టవర్లో, కింద లిఫ్టు ముందు నిలబడితే తలుపు సందులోంచి సన్నగా ఈల వినిపిస్తుంది. లిఫ్టు చెడిపోయి కాదు. వెచ్చని గాలి తేలిక కాబట్టి లిఫ్టు షాఫ్ట్ గుండా పైకెళ్లి, పై అంతస్తుల సందుల్లోంచి బయటపడుతుంది. ఆ ఖాళీలోకి కింది నుంచి చలిగాలి తోసుకొస్తుంది. టవర్ మొత్తం ఓ పొగగొట్టం అయిపోతుందన్నమాట.

100 మీటర్ల ఎత్తు, లోపల 20 డిగ్రీలు, బయట సున్నా అనుకుందాం. కింద వీధి తలుపు దగ్గర పీడనంలో తేడా 40 పాస్కల్స్‌కి అటూ ఇటూగా ఉంటుంది. అంటే 2 చదరపు మీటర్ల తలుపును ఎవరో 8 కిలోల బరువుతో నెడుతున్నట్టే. 1888లో అమెరికాలో థియోఫిలస్ వాన్ కానెల్ పేటెంట్ తీసుకున్న గుండ్రంగా తిరిగే తలుపు ఇక్కడ బాగా పనికొస్తుంది. మనిషి దాటుతున్నప్పుడు కూడా దాని రెక్కలు గాలికి దారి వదలవు.

టవర్లో కరెంటు ఎక్కడ ఖర్చవుతుందంటే చాలామంది మోటార్ల వైపు చూపిస్తారు. లెక్క వేసి చూడండి. వెయ్యి లీటర్ల నీళ్లను 100 మీటర్లు ఎక్కించడానికి కావలసింది 0.27 యూనిట్లే, పంపులో వృథా కలుపుకున్నా అర యూనిట్‌కి కాస్త అటూ ఇటూ. ఏసీ అరగంట తిరిగితే అంతకన్నా ఎక్కువే కావచ్చు. లిఫ్టుకైతే మరోవైపు ఎదురు బరువు వేలాడుతుంది కాబట్టి, ఖాళీ లిఫ్టు పైకి వెళ్లేటప్పుడు మోటారు జనరేటర్లా మారి కరెంటు తిరిగి ఇవ్వగలదు. సోలార్ పలకలు బ్రోషర్లో అందంగానే ఉంటాయి. కానీ ముప్పై అంతస్తులకూ ఉన్న పైకప్పు ఒక్కటే!

అసలు బిల్లు బయటి గోడ దగ్గర తేలుతుంది. ఒక్క పొర గాజులోంచి పోయే వేడి, మంచి ఇన్సులేషన్ ఉన్న గోడలోంచి పోయేదానికి సుమారు 20 రెట్లు. రెండు పొరల గాజు వేసి మధ్య ఆర్గాన్ వాయువు నింపినా గోడకి సాటిరాదు. నిలువెల్లా గాజు తొడుక్కున్న టవర్లు నాకు అందుకే నచ్చవు. పడమటి ఎండ మరీ మొండిది. సాయంత్రం సూర్యుడు దిగిపోయి నేరుగా లోపలికి చూస్తాడు, కిటికీ పైన ఎంత సజ్జ వేసినా ఆగడు.

బాల్కనీ సంగతి ఎవరికీ గుర్తురాదు. గదిలోని శ్లాబే బయటికి సాగి బాల్కనీ అవుతుంది. బైకు ఇంజన్‌కి వేడి వదిలేందుకు రెక్కలుంటాయి చూశారా, అంతస్తుకొకటి చొప్పున అలాంటి రెక్కలే ఇవి. గోడ దగ్గర శ్లాబును తెంచి, మధ్యలో ఇన్సులేషన్ దిమ్మ పెట్టి, స్టీలు చువ్వలతో బరువు మోయించడం దీనికి మందు.

స్పెయిన్‌లోని బిల్బావోలో 2018లో పూర్తయిన 28 అంతస్తుల బొలుయెటా టవర్ పాసివ్ హౌస్ ప్రమాణాన్ని, అంటే చాలా తక్కువ కరెంటుతో ఇంటిని వెచ్చగా, చల్లగా ఉంచాలనే కట్టడాల కొలమానాన్ని, అందుకుంది. 50 పాస్కల్స్ ఒత్తిడి పెట్టినప్పుడు గంటలో కారే గాలి, లోపలున్న మొత్తం గాలిలో 0.6 వంతు దాటకూడదని ఆ ప్రమాణం చెబుతుంది. ఇంత బిగించాక తాజా గాలికి వేరే ఏర్పాటు కావాలి. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికొచ్చే గాలికి అందించే యంత్రం ఆ పని చేస్తుంది.

గాలి ఎక్కడ కారుతోందో పట్టుకోవడం మాత్రం చేతిపనే. గుమ్మానికి ఫ్యాను బిగించి, సన్నగా పొగ వదిలే గొట్టంతో గది చుట్టూ తిరుగుతారు. కిటికీ చట్రం మూలలో, గోడ దాటే పైపు చుట్టూ, స్విచ్‌బోర్డు వెనక పొగ ఒక్కసారి వంగుతుంది. అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి ముందుకెళ్తారు.