ఆఫ్‌లైన్ అని కనిపించగానే బోర్డు మార్చేయకండి

బీఎంఎస్ (భవనంలోని ఏసీ లాంటి యంత్రాలన్నిటినీ ఒకచోట నుంచి చూసే కంప్యూటర్ వ్యవస్థ) అమర్చి నడిపించేవాళ్లకి, అంటే కమిషనింగ్ చేసేవాళ్లకి, సైట్ల నుంచి తరచూ వచ్చే ఫోన్ ఇదే: "సార్, ఏహెచ్‌యూ ఆఫ్‌లైన్ చూపిస్తోంది, కంట్రోలర్ కాలిపోయినట్టుంది." ఏహెచ్‌యూ అంటే గాలిని చల్లబరిచి గదులకు పంపే యూనిట్, కంట్రోలర్ అంటే దాన్ని నడిపే బోర్డు.

అపోహ: కమ్యూనికేషన్ రాలేదంటే బోర్డు పోయినట్టే.

వాస్తవం: డిస్‌ప్లే వెలుగుతూ, ఫ్యాన్ తిరుగుతూ, డ్యాంపర్ (గాలి దారిని తెరిచి మూసే రెక్కలు) కదులుతూ ఉంటే ముందు అనుమానించాల్సింది సెట్టింగుల్ని, వైర్లని. మోడ్‌బస్ ఆర్‌టీయూలో (కంట్రోలర్లు ఒకే జత వైర్ల మీద డేటా పంపుకునే పద్ధతి) బాడ్ రేట్ (డేటా వేగం), ప్యారిటీ (తప్పు పట్టడానికి చేర్చే బిట్), స్టాప్ బిట్లు (ప్రతి బైటు ముగిసిందని చెప్పే బిట్లు) లైను మీదున్న అన్నిటికీ ఒకటే ఉండాలి. అడ్రస్ మాత్రం 1 నుంచి 247 లోపు దేనిది దానికే.

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పాత లైనంతా 9600 బాడ్ రేట్‌తో, ప్యారిటీ లేకుండా నడుస్తోంది. తర్వాత తెచ్చిన మూడు కంట్రోలర్లు ఫ్యాక్టరీ నుంచి 19200, ఈవెన్ ప్యారిటీతో వచ్చాయి. అది ఎవరూ చూడలేదు. మూడూ ఆఫ్‌లైన్. వెంటనే ఒక బోర్డు కొనేశారు. అదీ అవే ఫ్యాక్టరీ సెట్టింగులతో వచ్చింది, అదీ ఆఫ్‌లైనే! మిగతా రెండింటికి కొటేషన్ కూడా తెప్పించారు. కీప్యాడ్‌లో బాడ్ రేట్, ప్యారిటీ మార్చి, అడ్రస్‌లు ఇచ్చాక మూడూ లైన్లోకి వచ్చాయి. తన వైరింగ్ వల్లే బోర్డులు పోయాయేమోనన్న టెన్షన్‌తో అక్కడి టెక్నీషియన్ కుర్రాడికి అన్నం కూడా సహించలేదట. ఇది అలాంటి కుర్రాళ్ల కోసమే రాస్తున్నాను.

కమ్యూనికేషన్ లైనులోని ఏ, బీ అనే రెండు వైర్లు తారుమారైతే బోర్డు కాలిపోతుందని ఇంకో పుకారు. ఎవరు పుట్టిస్తారో ఇలాంటివి! కాలదు, కమ్యూనికేషన్ రాదు, అంతే. తిప్పి పెట్టి చూడండి. ఏ, బీ అక్షరాలు కంపెనీకో రకంగా ఉంటాయి. నిజంగా భయపడాల్సింది పక్క టెర్మినల్‌లో ఉండే 24 వోల్టుల ఏసీకి. అది కమ్యూనికేషన్ పోర్టుకు తగిలితే చిప్ పోవచ్చు.

టెర్మినేషన్ (సిగ్నల్ చివర తగిలి వెనక్కి రాకుండా పెట్టే రెసిస్టర్) ప్రతి కంట్రోలర్ దగ్గరా పెట్టకూడదు. లైను రెండు చివర్లలో 120 ఓమ్‌లు, అంతే. పవర్ ఆపి, రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 60కి దగ్గరగా వస్తే సరే. 120 చూపిస్తే ఒక చివర లేదు. 40 చూపిస్తే మధ్యలో ఎవరో మూడోది ఆన్ చేశారు, బోర్డు మీది చిన్న డిప్ స్విచ్‌లు వెతకండి.

టెంపరేచర్ 215 చూపిస్తే సెన్సర్ పాడైనట్టు కాదు, 21.5ని పదితో హెచ్చించి పంపుతోంది. మాన్యువల్‌లో 40001 అని ఉన్న రిజిస్టర్‌ని (కంట్రోలర్‌లో విలువ ఉండే గడి) కొన్ని సాఫ్ట్‌వేర్లలో 0 అని ఇవ్వాలి.

మోడ్‌బస్ కాకుండా బ్యాక్‌నెట్ అనే పద్ధతి అయితే డివైస్ ఇన్‌స్టన్స్ నంబర్ (ప్రతి కంట్రోలర్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్) మొత్తం నెట్‌వర్క్‌లో రెండోదానికి ఉండకూడదు. ఒక ఫ్లోర్ ప్రోగ్రాం ఇంకో ఫ్లోర్‌కి కాపీ చేసేటప్పుడు ఇది మర్చిపోతారు.

కమ్యూనికేషన్ పోతే గాలి ఆగిపోతుందేమోనని ఆసుపత్రుల వాళ్లు కంగారు పడతారు. వాళ్ల కంగారు న్యాయమే. కానీ సాధారణంగా కంట్రోల్ లూప్ (రీడింగ్ చూసి యూనిట్‌ని సర్దే లెక్క) కంట్రోలర్ లోపలే ఉంటుంది. చివరగా అందిన సెట్‌పాయింట్‌తో (ఉండాల్సిన టెంపరేచర్ లాంటి విలువ) అది తన పని తాను చేసుకుపోతుంది. ప్రోగ్రాంలో టైమవుట్ (ఇంతసేపు కమ్యూనికేషన్ రాకపోతే ఆపు అనే నియమం) పెట్టి ఉంటే మాత్రం యూనిట్ ఆగొచ్చు. ఆపరేషన్ థియేటర్ యూనిట్లకి ఆసుపత్రికి అప్పగించే (హ్యాండోవర్) ముందే కమ్యూనికేషన్ వైరు ఊడదీసి, ఏం జరుగుతుందో దగ్గరుండి చూసుకోండి.