జీతానికి ఆడినవాడి పతకం

2010 నవంబరులో లండన్‌లోని స్పింక్ సంస్థ ఒక విక్టోరియా క్రాస్‌ను, అంటే బ్రిటన్ అత్యున్నత యుద్ధ శౌర్య పతకాన్ని, వేలం వేసింది. పాట 2,10,000 పౌండ్ల దగ్గర ఆగింది. ఇలాంటి పతకాలను మామూలుగా డబ్బున్న సేకర్తలో, సైనిక మ్యూజియాలో కొంటాయి. ఆ రోజు కొన్నది మాత్రం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల కార్మిక సంఘమైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్స్ అసోసియేషన్. జీతాలు, కాంట్రాక్టుల గురించి కొట్లాడే సంఘానికి యుద్ధ పతకంతో పనేమిటి? జవాబు సగం ఆ పతకం సంపాదించిన డొనాల్డ్ బెల్ జీవితంలో ఉంది. మిగతా సగం 1914 చివరి నెలల్లో అక్కడి పత్రికలు ఆటగాళ్లను తిట్టిన తిట్లలో ఉంది.

ఫుట్‌బాల్‌కూ సైన్యానికీ మొదట్లో ఏ పేచీ లేదు. తొలి రోజుల్లో రెండూ ఒకే ఇంటి వ్యవహారాలు. 1872లో జరిగిన మొట్టమొదటి ఎఫ్.ఏ. (ఫుట్‌బాల్ అసోసియేషన్) కప్ ఫైనల్లో వాండరర్స్ చేతిలో 1-0తో ఓడిన జట్టు రాయల్ ఇంజనీర్స్. ఆడినవాళ్లంతా సైనికాధికారులే. 1875లో వాళ్లు కప్పు గెలిచారు కూడా. ఆ జట్టును నడిపిన ఫ్రాన్సిస్ మారిండిన్ 1874 నుంచి 1890 దాకా ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడు. మన దేశంలో పుట్టిన జేమ్స్ ప్రిన్సెప్ 1879లో పదిహేడేళ్లకే ఇంగ్లండ్ తరఫున ఆడి, తర్వాత సైన్యంలో చేరి నైలు నది దండయాత్రకు వెళ్లాడు. అశోకుడి శాసనాలను చదివిన ప్రిన్సెప్ ఈయన కాదు, ఆయన 1840లోనే కన్నుమూశాడు. ఇంగ్లండ్‌కు ఆడినవారిలో అతి పిన్న వయస్కుడన్న ఈ ఆటగాడి రికార్డు 2003లో వేన్ రూనీ వచ్చేదాకా చెక్కుచెదరలేదు.

వీళ్లంతా పెద్దింటి బిడ్డలు. ఆటకు డబ్బు పుచ్చుకోవడం వీళ్ల దృష్టిలో చిన్నతనం. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే మిల్లు పట్టణపు జట్టు, పెద్దింటి పిల్లలు చదివే ఈటన్ బడి పాత విద్యార్థుల జట్టు ఓల్డ్ ఈటోనియన్స్‌ను ఓడించి కప్పును ఉత్తరాదికి పట్టుకుపోయింది. రెండేళ్లకు, 1885లో, జీతం తీసుకుని ఆడటాన్ని ఫుట్‌బాల్ అసోసియేషన్ అంగీకరించక తప్పలేదు. ఆట కార్మికవాడల సొత్తయింది. పెద్దిళ్లవారు చాలామంది రగ్బీకి, క్రికెట్‌కు జరిగిపోయారు. 1914లో బయటపడిన కసికి విత్తనం ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది.

ఆ ఏడాది ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. రగ్బీ యూనియన్, క్రికెట్ పోటీలు ఆగిపోయాయి. ఫుట్‌బాల్ లీగ్ మాత్రం సెప్టెంబరులో మామూలుగా మొదలైంది. దానికి కారణాలు లేకపోలేదు. ఆటగాళ్లు సీజన్ పొడవునా కాంట్రాక్టుకు కట్టుబడినవారు. క్లబ్బు వదిలితే తప్ప సైన్యంలో చేరే వీలు లేదు. జీతం ఆగితే ఇల్లు గడవదు. పైగా అప్పటికి నిర్బంధ సైనిక సేవ లేదు, ఆ చట్టం 1916లో గానీ రాలేదు. చట్టం అడగని దాన్ని పత్రికలు అడగడం మొదలుపెట్టాయి. ఫ్రెడరిక్ చారింగ్టన్ అనే మద్యపాన వ్యతిరేక ప్రచారకుడు ఫుల్‌హామ్ మైదానంలో మ్యాచ్ విరామంలో ఉపన్యాసం ఇవ్వబోతే అక్కడివాళ్లు బయటికి ఈడ్చేశారు. అక్టోబరులో పంచ్ అనే హాస్య పత్రిక ఒక కార్టూన్ వేసింది. నీకు ఈ మైదానంలో డబ్బు దొరుకుతుందేమో గాని, గౌరవం దొరికే మైదానం ఇవాళ ఒక్కటేనని అందులో ఆటగాడికి బుద్ధి చెప్పారు. నవంబరులో చరిత్రకారుడు ఎ.ఎఫ్. పోలార్డ్ టైమ్స్ పత్రికకు లేఖ రాశాడు. వృత్తి ఆటగాణ్ని జీతమిచ్చి పెట్టుకున్న ప్రతి క్లబ్బూ, సైన్యానికి కావలసిన మనిషికి లంచమిచ్చి ఆపుతున్నట్టేనని ఆయన వాదన. గుర్రప్పందేలు 1915 వసంతం దాకా సాగాయి. వాటి మీద ఇంత దుమారం రేగలేదు. గురివింద గింజ సామెత లండన్ పెద్దమనుషుల క్లబ్బుల్లో ఎవరికీ తెలిసినట్టు లేదు!

పోలార్డ్ లేఖ అచ్చయిన నెలలోనే, ఎవరూ తరమకుండానే, బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూ జట్టు ఆటగాడు ఒకడు తనను వదిలిపెట్టమని క్లబ్బును అడిగి సైన్యంలో చేరాడు. ఆయనే డొనాల్డ్ బెల్. చేరిన తొలి వృత్తి ఆటగాడిగా ఆయన పేరే చెబుతారు.

బెల్ 1890 డిసెంబరు 3న యార్క్‌షర్‌లోని హారొగేట్‌లో పుట్టాడు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. అక్కడున్నప్పుడు క్రిస్టల్ ప్యాలెస్‌కు, తర్వాత న్యూకాజిల్ యునైటెడ్‌కు పైసా తీసుకోకుండా ఆడాడు. సొంత ఊరికి తిరిగొచ్చి పక్కనే ఉన్న స్టార్‌బెక్ బడిలో పంతులుగా కుదిరాడు. బడిపంతులు జీతం ఎప్పుడూ అంతంతమాత్రమే కదా, దానికి తోడుగా 1912లో బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూతో జీతానికి ఒప్పందం చేసుకున్నాడు. మొదటి జట్టుకు ఆడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. ఆరడుగుల మనిషి, బరువైనవాడు, అయినా పరుగులో దిట్ట. ఆటగాడిగా పెద్ద పేరేమీ లేదు. యుద్ధమే రాకపోతే ఆ పేరు క్లబ్బు పాత దస్త్రాల్లో మాత్రమే మిగిలేది.

సాధారణ సిపాయిగా చేరిన బెల్ చదువుకున్నవాడు కాబట్టి 1915లో అధికారి అయ్యాడు. గ్రీన్ హోవార్డ్స్‌గా పేరుపడ్డ యార్క్‌షర్ రెజిమెంటు 9వ బెటాలియన్‌లో సెకండ్ లెఫ్టినెంట్. అందులో చేరడానికి సాయపడిన చిన్ననాటి స్నేహితుడు ఆర్చీ వైట్‌కు కూడా 1916లో, బెల్‌కు లాగే ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలోనే, విక్టోరియా క్రాస్ రావడం విచిత్రం. 1916 జూన్ మొదట్లో సెలవు మీద వచ్చిన బెల్ రోడా బాన్సన్‌ను పెళ్లాడాడు. పెళ్లయ్యాక నెలకే సోమ్ కందకాల్లో ఉన్నాడు.

జులై 1న మొదలైన సోమ్ దాడిలో తొలి రోజే బ్రిటిష్ సైన్యంలో 19 వేల మందికి పైగా చనిపోయారు. జులై 5 సాయంత్రం బెల్ బెటాలియన్ హార్స్‌షూ ట్రెంచ్ అనే జర్మన్ కందకం మీదికి కదిలింది. పక్కనుంచి ఒక మెషిన్‌గన్ వరుసగా మనుషుల్ని కూల్చేస్తోంది. ఎవరూ చెప్పకుండానే బెల్ అనుసంధాన కందకం వెంట పాకుతూ వెళ్లి, చాలినంత దగ్గరయ్యాక బయటికి దూకి పరుగెత్తాడు. వెనకే కార్పొరల్ కోల్విల్, సిపాయి బేటీ. తుపాకి పేలుస్తున్నవాణ్ని బెల్ రివాల్వర్‌తో కాల్చాడు. ఆ వెంటనే వాళ్లు విసిరిన బాంబులకు తుపాకీ, దాని చుట్టూ ఉన్నవాళ్లూ తుడిచిపెట్టుకుపోయారు. బరువు మోస్తూ, గుంటలు పడ్డ నేల మీద, తూటాల్లో చేసిన ఆ పరుగుకు ఆయన మైదానపు కాళ్లే పనికొచ్చి ఉంటాయి. తల్లికి రాసిన ఉత్తరంలో మాత్రం తను చేసిందేమీ లేదని, ఒకే ఒక్క బాంబు విసిరానని, అదంతా గుడ్డి అదృష్టమని రాసుకున్నాడు. గురి కుదరని బంతి గోల్‌లోకి వెళ్లినప్పుడు ఆటగాళ్లు వాడే మాటే అది.

ఉత్తరం రాసిన కొద్ది రోజులకే, జులై 10న, కాంటల్‌మేసన్ గ్రామంలో మళ్లీ అలాంటి దాడే చేస్తూ బెల్ చనిపోయాడు. వయసు 25. పెళ్లయి అయిదు వారాలు. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, నాలుగు రోజుల తర్వాత, హై వుడ్ దగ్గర గుర్రాల మీద బల్లేలతో దాడికి దిగిన దళాల్లో 20వ డెక్కన్ హార్స్ ఒకటి. నిజాం సొమ్ముతో నడిచిన పాత హైదరాబాద్ కంటింజెంటులో పుట్టిన రెజిమెంటు అది. సోమ్ మన చరిత్రకు పూర్తిగా పరాయిది కాదు.

సెప్టెంబరులో పతకం ప్రకటించారు. డిసెంబరులో బకింగ్‌హామ్ భవనంలో అయిదవ జార్జి దాన్ని రోడా చేతిలో పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన ఆంగ్లేయ వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు బెల్ ఒక్కడే. స్కాట్లండ్‌కు చెందిన విలియమ్ ఆంగస్‌కు 1915లోనే అది దక్కింది. అక్కడి పేరున్న క్లబ్బు సెల్టిక్ వదిలేసిన ఆటగాడాయన. గాయపడి పడిపోయిన అధికారిని శత్రు కందకం అంచునుంచి మోసుకొచ్చే ప్రయత్నంలో ఒంటి మీద 40 దాకా గాయాలయ్యాయి, ఒక కన్ను పోయింది. అయినా 1959 దాకా బతికాడు. ఆయన కాపాడిన అధికారి ఏటా అదే రోజున, జూన్ 12న, తప్పకుండా టెలిగ్రాం పంపేవాడు. 1911 కప్ ఫైనల్ రీప్లేలో బ్రాడ్‌ఫర్డ్ సిటీకి గెలుపు గోల్ కొట్టిన జిమ్మీ స్పియర్స్‌కు మిలిటరీ మెడల్ వచ్చింది, 1917లో ప్రాణం పోయింది. నార్తాంప్టన్ ఆటగాడు, నల్లజాతి అధికారి వాల్టర్ టల్ 1918 మార్చిలో మరణించాడు. ఆయనకు మిలిటరీ క్రాస్ ఇవ్వాలన్న డిమాండు వందేళ్లు దాటినా తీరలేదు.

వీళ్ల ఖాతా ఇలా ఉండగా, 1914 నాటి నింద అంత తేలిగ్గా చెరగలేదు. ఆ నవంబరులోనే ఎడిన్‌బరోకు చెందిన హార్ట్స్ జట్టు ఆటగాళ్లు 11 మంది ఒక్కసారిగా, ఆ ఊళ్లో జార్జ్ మెక్రే కూడగట్టిన మెక్రే బెటాలియన్‌లో చేరారు. డిసెంబరు 15న ఫుల్‌హామ్ టౌన్‌హాల్లో ఆటగాళ్ల కోసమే ఒక బెటాలియన్ ఏర్పడింది. అయినా 1915 ఏప్రిల్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కప్పు అందిస్తూ లార్డ్ డెర్బీ, ఇంతవరకు ఒకరితో ఒకరు ఆడారు, ఇక ఇంగ్లండ్ కోసం కలిసి ఆడండని అక్కడికక్కడే హితబోధ చేశాడు. స్టాండ్లలో చాలామంది ఖాకీ బట్టల్లో కూర్చుని వింటున్నారు.

2000 సంవత్సరంలో కాంటల్‌మేసన్‌లో బెల్ పడిపోయిన చోట స్మారకం పెట్టడంలో ఆటగాళ్ల సంఘం చేయి కలిపింది. నాలుగేళ్లకు అదే గ్రామంలో మెక్రే బెటాలియన్‌కు రాతిస్తూపం లేచింది. పతకం వేలానికి వచ్చినప్పుడు అది ఏ సేకర్త బీరువాలోకో పోకుండా సంఘమే పాడుకుంది. క్లబ్బుకు ఆ స్తోమత ఎక్కడిది? బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూను 1970లో లీగ్ నుంచి తప్పించారు, 1974లో అప్పుల్లో మూతపడింది, 1988లో మళ్లీ పుట్టి చిన్న లీగుల్లో ఆడుతోంది.

పతకంతో పాటు ప్రభుత్వ గెజిట్‌లో అచ్చయిన ప్రశంసాపత్రంలో కందకం ఉంది, రివాల్వర్ ఉంది, బాంబులున్నాయి, కోల్విల్, బేటీల పేర్లున్నాయి. ఫుట్‌బాల్ అన్న మాట ఎక్కడా లేదు. మాంచెస్టర్‌లోని జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియంలో ఆ పతకాన్ని కప్పులు, చొక్కాలు, పాత తోలు బంతుల మధ్య ప్రదర్శనకు పెట్టారు.