"కొట్టినా మళ్ళీ నా దగ్గరికే వస్తడు": పసిపిల్లల ప్రేమపై అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో చిన్నపిల్లల ప్రవర్తన, ఎదుగుదల సమస్యలపై తల్లిదండ్రులకు సలహాలివ్వడం నా పని. పరకాల నుంచి వచ్చినవారైనా, నర్సంపేట, హుజూరాబాద్‌ల నుంచి వచ్చినవారైనా తరచూ ఒకే మాట అంటారు: "ఎంత కొట్టినా మల్ల నా దగ్గరికే ఉరికొస్తడు మేడం, చిన్నపోరడు, వానికేం గుర్తుంటది?" పసిపిల్లల ప్రేమకు షరతులుండవని అందరం ఒప్పుకుంటాం, కానీ దానికి గాయం కూడా కాదని అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. పిల్లలకు అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే కనుక, దీని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: కొట్టినా, తిట్టినా పిల్లలు మరిచిపోతారు. మళ్ళీ వచ్చి ఒళ్ళో కూర్చోవడమే అందుకు రుజువు.

వాస్తవం: బిడ్డ దగ్గరికి రావడానికి కారణం మరపు కాదు. భయం వేసినప్పుడు తనను సాకే మనిషిని అంటిపెట్టుకోవడం పసిప్రాణానికి పుట్టుకతో వచ్చిన రక్షణ. బ్రిటన్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ చెప్పిన అనుబంధ సిద్ధాంతానికి పునాది ఇదే. భయపెట్టిన మనిషి, భయంలో అక్కున చేర్చుకునే మనిషి ఒక్కరే అయినప్పుడు బిడ్డకు వెళ్ళడానికి మరో చోటు ఉండదు కనుక ఆ చేతుల్లోకే వస్తాడు. మూడేళ్ళలోపు జరిగిన వాటిని పెద్దయ్యాక మాటల్లో చెప్పలేకపోవచ్చు గాని, భయాన్ని మాత్రం శరీరం నేర్చుకుని ఉంచుకుంటుంది.

ఒకసారి నా గదిలో ఒక తండ్రి ఫ్యాను వేగం తగ్గించడానికి రెగ్యులేటర్ వైపు చెయ్యెత్తాడు. పక్కనే నేల మీద ప్లాస్టిక్ డబ్బాలు పేరుస్తున్న నాలుగేళ్ళ కొడుకు చటుక్కున రెండు చేతులతో తల కప్పుకున్నాడు, మరుక్షణం ఆ తండ్రి ప్యాంటునే పట్టుకుని ఆయన కాలి వెనకే ముఖం దాచుకున్నాడు. చాలాసేపటికి గాని ఆయనకు మాట రాలేదు. "మా బాపు నన్ను గిట్లనే పెంచిండు మేడం" అన్నప్పుడు ఆ గొంతులో మొండితనం కన్నా బెంగే ఎక్కువగా వినిపించింది. అలాంటి తల్లిదండ్రులను నిందించడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే తాము చూసిన పెంపకమే వాళ్ళ చేతికి వచ్చింది. కానీ ఆ బాబుకు అన్నీ గుర్తున్నాయి, గుర్తుండి కూడా వచ్చాడు. పెద్దలం నేర్చుకోవలసింది ఇక్కడే ఉంది.

అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ఒక ప్రయోగంలో, అప్పటిదాకా ఆడిస్తున్న తల్లి కొద్దిసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. నెలల బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, శబ్దాలు చేసి పిలుస్తుంది, తల్లిని ఎలాగైనా తిరిగి తెచ్చుకోవాలని చూస్తుంది. అవేవీ పనిచేయకపోతేనే ముఖం తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. బంధం తెగిందనిపించగానే బిడ్డ చేసే మొదటి పని దాన్ని అతకడం. మనమేమో "అల్లరి చేస్తే నీతోని మాట్లాడ", "మార్కులు రాకపోతే హాస్టల్‌ల ఏస్త" అంటూ ఆ బంధాన్నే బెత్తంలా వాడుతున్నాం. తప్పు చేసినప్పుడు ఆ పని తప్పని చెప్పండి, అడిగిన ఫోను ఇవ్వకండి, కావాలంటే ఏడవనివ్వండి. అయితే ఆ ఏడుపు అయ్యేదాకా పక్కనే కూర్చోండి. హద్దు పెట్టడానికి ప్రేమను వెనక్కి తీసుకోనక్కరలేదు. చెయ్యి చేసుకుని ఉంటే ఆ రోజే దగ్గరికి తీసుకుని "కొట్టడం నాదే తప్పు బిడ్డా" అనండి. పిల్లల ముందు చులకనవుతామన్న భయం అక్కరలేదు. అలా అన్న తల్లిదండ్రుల మాట పిల్లలు వినకపోవడం నేను చూడలేదు.

మిగతా అపోహలను క్లుప్తంగా చెబుతాను. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే చేతికి అలవాటవుతుందన్నది నెలల పిల్లల విషయంలో నిజం కాదు. తొలి నెలల్లో వెంటనే పలికే తల్లుల బిడ్డలు తరువాతి నెలల్లో తక్కువ ఏడ్చారని పరిశోధకులు మేరీ ఐన్స్‌వర్త్, సిల్వియా బెల్ 1972లోనే ప్రకటించారు. చాక్లెట్ ఇచ్చినవాళ్ళనే పిల్లలు ప్రేమిస్తారన్నదీ తప్పే. రెండేళ్ళు నిండని పిల్లలు తినుబండారం తాము అందుకున్నప్పటికన్నా ఇతరులకు ఇచ్చినప్పుడే ఎక్కువ సంతోషం కనబరిచారని 2012లో వెలువడిన ఒక కెనడా పరిశోధన చూపింది. నాయనమ్మ దగ్గర బుద్ధిగా ఉండి తల్లి రాగానే మారాం చేసే పిల్లలను చూసి తల్లి గారాబమే కారణమంటారు. రోజంతా ఆపుకున్న దుఃఖాన్ని నమ్మకమున్న చోట బయటపెట్టడం కూడా ప్రేమేనని ఉద్యోగాలు చేసే తల్లులు ధైర్యంగా నమ్మవచ్చు.

చివరగా, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చే గల్ఫ్ కుటుంబాల బాధ ఒకటుంది. రెండేళ్ళకు ఇల్లు చేరిన తండ్రిని చూసి బిడ్డ జడిసి ఏడిస్తే, "నా బిడ్డకు నేను పరాయోణ్ణయిన" అని ఆయన కుమిలిపోతాడు. కొత్త ముఖానికి జంకడం, తల్లి చాటుకు పరుగెత్తడం ఆ వయసు పిల్లలకు సహజమే తప్ప అది ప్రేమ లేకపోవడం కాదు. బలవంతంగా ఎత్తుకోకుండా, బొమ్మలతో లంచం పెట్టకుండా, రోజూ కాసేపు నేల మీద కూర్చుని వాడి ఆటను చూస్తూ ఉండండి. కొన్నాళ్ళకు వాడే ఒక డబ్బా తెచ్చి మీ చేతిలో పెడతాడు, అప్పుడు మీరూ ఆటలో చేరవచ్చు.